న్యాయపీఠము – ప్రజల అనుమానము

ప్రజాస్వామ్య రాజ్యములో శాసనసభ్యుని ప్రజలు ఎన్నుకొందురు. మంత్రి ఆ సభకు జవాబు చెప్పుకొనును. న్యాయమూర్తిని మాత్రము ఎవరును ఓటు వేసి ఎన్నుకొనరు. ఆయన చేతిలో ఖజానా లేదు, సైన్యము లేదు. ఆయన వ్రాసిన నాలుగు పుటల కాగితమునకు రాజ్యమంతయు తలవంచుచున్నదన్నచో దానికి కారణము ప్రజల నమ్మకము. ఆ నమ్మకము సడలిననాడు తీర్పు వట్టి కాగితమే అగును.

రాజకీయ నాయకులపై అవినీతి విచారణలు జరుగునపుడు ఈ నమ్మకమునకు గట్టి పరీక్ష వచ్చుచున్నది. శిక్ష పడినచో "కక్ష" అని ఒక వర్గమువారు, విడుదలైనచో "కొనుగోలు" అని వేరొక వర్గమువారు అనుట మన దేశములో పరిపాటి అయినది. హోటలులో కాఫీ త్రాగుచు తీర్పుపై తీర్పు చెప్పువారు అనేకులు; ఆ తీర్పును చదివినవారు అరుదు. మా తరగతులలోని విద్యార్థులు కూడ ఈ ప్రశ్నను తరచుగా వేయుచుందురు: "న్యాయస్థానమును శంకించుట తప్పా?" ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్నకు సమాధానము వెదుకుచున్నాము. గాలిమాటలతో గాక, చరిత్రలో నిలిచిన ఒక విచారణను ఆధారముగా గైకొని వెదుకుచున్నాము.

అనుమానము, పక్షపాతము

ముందుగా మాటల అర్థము తేల్చుకొనవలెను. పక్షమనగా రెక్క, ఒక వైపు. పాతమనగా పడుట. త్రాసు ముల్లు ఒక వైపునకు ఒరిగిపోవుటయే పక్షపాతము. అనుమానమన్న మాటను వాడుకలో మనము సందేహమను అర్థమున వాడుచున్నాము. కాని తర్కశాస్త్రములో దాని అర్థము వేరు. కనబడు గుర్తును బట్టి కనబడని విషయమును ఊహించి తెలిసికొనుట అనుమానము. కొండపై పొగను చూచి అచ్చట నిప్పు కలదని గ్రహించుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అయితే తార్కికులు ఒక హెచ్చరిక కూడ చేసినారు. దూరమునుండి చూచువానికి మంచు తెర కూడ పొగవలెనే తోచును. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత నిజమే; కాని చూచినది పొగయేనా అన్నది ముందు తేలవలెను.

న్యాయశాస్త్రము కూడ సరిగా ఇదే దారిని నడచినది. న్యాయమూర్తి మనస్సులోనికి తొంగి చూచుట ఎవరి తరమును కాదు. కనుక "ఆయన నిజముగా పక్షపాతియా?" అని చట్టము అడుగదు. "బయటి పరిస్థితులను చూచిన వివేకవంతునికి న్యాయము జరుగదేమోనన్న సహేతుకమైన భయము కలుగునా?" అని అడుగును. ఈ ప్రశ్నలో "సహేతుకమైన" అన్నది ప్రాణము. హేతువు చూపగల భయమునకు చట్టము చెవియొగ్గును. హేతువు లేని భయమును త్రోసిపుచ్చును.

ఇంగ్లండులో 1923లో తీర్పు వచ్చిన ససెక్సు జస్టిసుల కేసు ఇందుకు మూలస్తంభము. ఒక మోటారు సైకిలు ప్రమాదమునకు సంబంధించిన విచారణలో మెజిస్ట్రేటులతోపాటు వారి గుమాస్తా కూడ ఆలోచన గదిలోనికి వెళ్ళినాడు. అదే ప్రమాదముపై ముద్దాయికి ఎదురుగా నష్టపరిహారము కోరుచున్నవారి తరఫున పనిచేయు న్యాయవాదుల సంస్థలో ఆ గుమాస్తా భాగస్వామి. గదిలో అతడు ఒక్క మాటయైనను మాటాడలేదని తేలినది. అయినను శిక్ష రద్దయినది. న్యాయము జరిగిన చాలదు, జరిగినట్లు కనబడవలెనన్న సూత్రము లార్డు హ్యూయర్టు ఇచ్చిన ఆ తీర్పునుండియే లోకమున ప్రచారమునకు వచ్చినది.

మన ఆంధ్రదేశమునుండి పుట్టిన కేసు కూడ ఒకటి ఉన్నది. కృష్ణా జిల్లాలోని బస్సు మార్గములను జాతీయము చేయు పథకముపై ప్రైవేటు బస్సుల యజమానులు ఆక్షేపణలు తెలిపినారు. ఆ ఆక్షేపణలను విన్నవారు రవాణా శాఖకు అధిపతియైన కార్యదర్శి. పథకమునకు ఆమోదము తెలిపినవారు ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధమైన ఈ వ్యాజ్యములో 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. ఒక పక్షమునకు చెందిన శాఖాధిపతియే విచారణ జరుపరాదు. ఒకరు విని మరియొకరు నిర్ణయించుట విచారణ కాదు. ఇదియే ఆ తీర్పు సారాంశము. అధిక సంఖ్యాక న్యాయమూర్తుల తరఫున దానిని వ్రాసినవారు, అనంతర కాలమున భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించిన మన తెలుగువారు కోకా సుబ్బారావుగారు.

ఈ రెండు కేసులలోను ఎవరును లంచము తిన్నారని రుజువు కాలేదు. అట్టి ఆరోపణయే రాలేదు. కుర్చీల అమరికలోనే దోషమున్నది. ఈ సంగతిని మనసున నిలుపుకొని ఇప్పుడు అసలు ఉదాహరణమునకు వత్తము.

చెన్నైనుండి బెంగుళూరునకు

తెలుగు ప్రేక్షకులకు చలనచిత్ర నటిగా చిరపరిచితురాలైన జయలలిత 1991నుండి 1996వరకు తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ కాలములో ఆదాయమునకు మించిన ఆస్తి గడించినారని 1996 జూన్‌లో సుబ్రహ్మణ్యస్వామి ఫిర్యాదు చేసినారు. 1997లో చెన్నై ప్రత్యేక న్యాయస్థానములో అభియోగపత్రము దాఖలయినది. అందు చూపిన అక్రమాస్తి విలువ 66.65 కోట్ల రూపాయలు. లెక్కకు వచ్చిన ఆస్తులలో హైదరాబాదు సమీపమునందలి ఆమె ద్రాక్షతోట కూడ ఉన్నది. ఆ తోటపై వచ్చిన ఆదాయమెంత అన్నది చివరివరకు వివాదాంశమే.

2000 ఆగస్టు నాటికి ప్రాసిక్యూషన్ పక్షమున 250 మంది సాక్షుల విచారణ ముగిసినది. 2001 మేలో ఎన్నికలు జరిగి జయలలిత పక్షము అధికారమునకు వచ్చినది. మరియొక కేసులో పడిన శిక్ష కారణముగా ఆమె నియామకము చెల్లదని 2001 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ శిక్షను హైకోర్టు రద్దు చేసిన పిమ్మట 2002 మార్చిలో ఆమె మరల ముఖ్యమంత్రి అయినారు.

ఇక్కడినుండి విచారణ నడక మారినది. మునుపే సాక్ష్యమిచ్చి వెళ్ళినవారిలో 76 మందిని మరల పిలిపించినారు. వారిలో 64 మంది తమ పూర్వపు సాక్ష్యమునకు ఎదురు తిరిగినారు. ఎదురు తిరిగిన సాక్షిని గట్టిగా ప్రశ్నించి నిజము రాబట్టుట ప్రభుత్వ న్యాయవాది విధి. ఆ పని జరుగలేదు. సాక్ష్యమంతయు ముగిసిన తరువాత ముద్దాయిని న్యాయస్థానమున ప్రశ్నించు ఘట్టమున ఆమె స్వయముగా రానక్కరలేదని మినహాయింపు కోరగా ప్రభుత్వ న్యాయవాది అడ్డు చెప్పలేదు. ప్రశ్నల పత్రము ఆమె ఇంటికి పోయినది.

కంచెయే చేను మేసినదన్న సామెత వినుచుందుము గదా! ఇక్కడ కంచె ప్రభుత్వ న్యాయవాది. ఆయనను నియమించునది ప్రభుత్వము. ఆ ప్రభుత్వమునకు అధినేత్రి ముద్దాయియే. ఈ స్థితిలో ప్రజలకు అనుమానము కలిగినదన్నచో అది మంచు కాదు, పొగయే.

ప్రతిపక్ష నాయకులు కె. అన్బళగన్ ఈ హేతువులనే చూపి సుప్రీంకోర్టును ఆశ్రయించినారు. 2003 నవంబరు 18న న్యాయమూర్తులు వరియావా, సేమా తీర్పు చెప్పి కేసును కర్ణాటక రాష్ట్రమునకు బదిలీ చేసినారు. ప్రత్యేక న్యాయస్థానమును బెంగుళూరులో నెలకొల్పవలెననియు, ప్రభుత్వ న్యాయవాదిని కర్ణాటక ప్రభుత్వము అచ్చటి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తితో సంప్రదించి నియమింపవలెననియు ఆదేశించినారు. నిష్పక్షపాతమైన విచారణ రాజ్యాంగము 21వ అధికరణమునందలి హక్కులో అంతర్భాగమని చెప్పినారు. ఇట్టి బదిలీకి అధికారమిచ్చినది నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 406వ సెక్షను. 2024 జూలైనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 446వ సెక్షనుగా ఉన్నది.

విద్యార్థులు ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. వ్యాధి ఎక్కడ ఉన్నదో చికిత్స కూడ అక్కడనే జరిగినది. అభియోగము నడుపువాడు ముద్దాయి చెప్పుచేతలలో ఉండుట వ్యాధి. నియామకాధికారమును ముద్దాయి చేతికి అందని చోటికి మార్చుట చికిత్స. ఒకరి శీలముపై బురద చల్లనక్కర లేకుండగనే విచారణ దారిలో పడినది.

"ముద్దాయి" అను మాట

తెలుగు, ఉర్దూ రెండును వినబడు మన కళాశాలలో ఈ సందర్భమున ఒక మాటను గూర్చి చెప్పుట అప్రస్తుతము కాదు. వకీలు, ఫిర్యాదు, జామీను, జప్తు, దస్తావేజు – ఇట్లు మన న్యాయస్థానముల భాషలో పలు పదములు అరబ్బీ, పారసీకములనుండి ఉర్దూ ద్వారమున వచ్చినవి. ముద్దాయి కూడ అట్టిదే. కాని ఉర్దూలో ముద్దయీ అనగా దావా వేసినవాడు, వాది. ఎవనిపై దావా పడినదో వాడు ముద్దాఅలై. తెలుగులో ఈ మాట అర్థము తలక్రిందులైనది. మనకు ముద్దాయి అనగా నేరము మోపబడినవాడే. అందుచేత ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థి తెలుగు పత్రికలో ఈ పదమును మొదటిసారి చదివినపుడు తికమక పడుట సహజము.

మాటలో వాది ప్రతివాదులు తారుమారైనను నష్టమేమియు లేదు. వాడుకయే దానిని చక్కదిద్దును. న్యాయస్థానములో తారుమారైనచో ప్రమాదము. 2002 తరువాత చెన్నైలో జరిగినది అట్టిదే. అభియోగము మోపిన రాజ్యము, అభియోగము మోయుచున్న వ్యక్తి, రెండును ఒక్కచోటనే కలిసిపోయినవి. ఒకే మనిషి ఉర్దూ అర్థమునను ముద్దయీ, తెలుగు అర్థమునను ముద్దాయి అయినపుడు మధ్య కూర్చున్న న్యాయమూర్తి ఎంతటి ధర్మాత్ముడైనను ఆయన ముందు వాదమే జరుగదు. వాదము లేనిచోట న్యాయము లేదు.

ప్రాంతము పేర వచ్చిన అనుమానము

బెంగుళూరులో విచారణ నత్తనడకనే సాగినది. 2005లో ప్రత్యేక ప్రభుత్వ న్యాయవాదిగా నియమితులైన బి.వి. ఆచార్య 2012లో ఆ బాధ్యతనుండి తప్పుకొన్నారు. 2014 సెప్టెంబరు 27న ప్రత్యేక న్యాయమూర్తి జాన్ మైకేల్ డికున్హా తీర్పు చెప్పినారు. అక్రమాస్తి 53.60 కోట్లని తేల్చి జయలలితకు నాలుగేండ్ల జైలు, 100 కోట్ల రూపాయల జుల్మానా విధించినారు. ఆమెతోపాటు శశికళ, ఇళవరసి, సుధాకరన్ అను ముగ్గురకును శిక్ష పడినది.

అప్పుడు రెండవ రకపు అనుమానము బయలుదేరినది. తమిళనాడునకును కర్ణాటకకును కావేరీ జలముల తగవు చిరకాలముగా ఉన్నది. దానితో ఈ తీర్పును ముడిపెట్టి, పొరుగు రాష్ట్రపు న్యాయమూర్తి పగ తీర్చుకొన్నాడన్నట్లు మాటాడినవారున్నారు. దీనిని కూడ మనము అదే గీటురాతిపై గీసి చూడవలెను. హేతువేమి? న్యాయమూర్తి ఏ సాక్షిని అణచివేసినాడు? ఏ పత్రమును చూడనిరాకరించినాడు? అట్టిదేదియు చూపక, ఆయన పని చేయు రాష్ట్రమును మాత్రము చూపినారు. ఇది మంచు తెర.

ఇందుకు నిదర్శనము మరుసటి సంవత్సరమే వచ్చినది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి సి.ఆర్. కుమారస్వామి ఆ నలుగురిని నిర్దోషులని విడుదల చేసినారు. ఆ రాష్ట్రపు న్యాయస్థానమే శిక్షించినది, ఆ రాష్ట్రపు న్యాయస్థానమే విడిచినది. ప్రాంతమే తీర్పును నిర్ణయించు పక్షమున ఈ రెండింటికి పొత్తెట్లు కుదురును?

ప్రాంతమును బట్టి న్యాయమూర్తిని తూచుట మొదలిడినచో ఆ అలవాటు అక్కడితో ఆగదు. నేడు నదీజలముల పేర అన్నమాట రేపు కులము పేరను, మతము పేరను అనబడును. అప్పుడు ప్రతి కక్షిదారుడును తనవాడే తనకు న్యాయమూర్తి కావలెననును. అల్పసంఖ్యాకుడై ఊరికొక్కడుగా ఉన్నవాడు ఏ గడప ఎక్కవలెను? ఈ ప్రశ్నను మన విద్యార్థులు తేలికగా విడిచిపెట్టరాదు.

కూడికలో దొరలిన తప్పు

హైకోర్టు తీర్పు వెలువడగానే మూడవ రకపు అనుమానము పుట్టినది. ఈసారి దానికి ఆధారము తీర్పు పుటలలోనే ఉన్నది. ఆ లెక్కను విద్యార్థులు స్వయముగా వేసి చూడవచ్చును.

హైకోర్టు ఆస్తుల విలువ సుమారు 37.59 కోట్లని, ఆదాయము సుమారు 34.77 కోట్లని కట్టినది. భేదము 2.82 కోట్లు, అనగా ఆదాయములో 8.12 శాతము. పది శాతములోపు భేదమును పట్టించుకొననక్కర లేదని కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. ఇరువది శాతమువరకు ఉపేక్షింపవచ్చునన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు సర్క్యులరును కూడ హైకోర్టు ఉదహరించినది. కనుక విడుదల.

కాని ఆదాయములో చేర్చిన బ్యాంకు రుణముల పట్టికను కూడి చూచినచో మొత్తము 10.67 కోట్లే వచ్చుచున్నది. తీర్పులో 24.17 కోట్లని పడినది. తేడా 13.50 కోట్లు. దానిని తీసివేసినచో ఆదాయము 21.27 కోట్లకు దిగును. ఆస్తి, ఆదాయముల భేదము 16.32 కోట్లకు ఎక్కును. అది ఆదాయములో 76 శాతమునకు పైగా ఉన్నది. ఎనిమిది ఎక్కడ, డెబ్బదియారు ఎక్కడ!

ఇట్టి తప్పును చూచి జనులు నానావిధముల అనుకొనిరి. చట్టము ఏమి చేసినది? కర్ణాటక ప్రభుత్వము సుప్రీంకోర్టునకు అప్పీలు చేసినది. 2017 ఫిబ్రవరి 14న న్యాయమూర్తులు పినాకీ చంద్ర ఘోష్, అమితావ రాయ్ ఆ కూడికను సరిదిద్ది, విడుదలను కొట్టివేసి, ప్రత్యేక న్యాయస్థానపు తీర్పును పునరుద్ధరించినారు. మిగిలిన ముగ్గురును జైలుకు పోయినారు. జయలలిత 2016 డిసెంబరు 5న కీర్తిశేషులైనందున ఆమె మట్టుకు అప్పీలు ముగిసిపోయినది.

తప్పును తప్పని చెప్పుటకు దురుద్దేశమును అంటగట్టనక్కర లేదన్నది ఇందలి పాఠము. తప్పు కాగితముపై ఉన్నది కనుక కాగితముపైననే దిద్దబడినది. తీర్పునకు కారణములు వ్రాయవలెనను నియమము ఎంత విలువైనదో దీనిని బట్టి తెలియును. కారణములు వ్రాయని తీర్పులో కూడిక తప్పును ఎవరు పట్టగలరు?

అట్లని వ్యవస్థ నిర్దోషియని మేము చెప్పుట లేదు. 1996లో చేసిన ఫిర్యాదుపై తుదితీర్పు 2017లో వచ్చినది. సుప్రీంకోర్టులో వాదనలు 2016 జూన్‌లోనే ముగిసినను, తీర్పు వెలువడునప్పటికి ప్రధాన ముద్దాయి జీవించి లేరు. ఆమె నిర్దోషియని నమ్మినవారికిని, దోషియని నమ్మినవారికిని ఆమె విషయమున తుదిమాట వినబడలేదు. ఇరువది ఏండ్ల జాప్యము ఎట్టి విచారణకైనను మచ్చయే. ఆలస్యము అనుమానమునకు కన్నతల్లి.

విద్యార్థి వేసికొనవలసిన ప్రశ్నలు

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. న్యాయస్థానమును శంకించుట తప్పు కాదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టములోని 5వ సెక్షను తీర్పుపై న్యాయమైన విమర్శ ధిక్కారము కాదని స్పష్టముగా చెప్పుచున్నది. కాని శంకించువాడు ముందుగా తన్ను తాను నాలుగు ప్రశ్నలు అడుగుకొనవలెను.

ఒకటి: నా అనుమానమునకు ఆధారము జరిగిన పనియా, లేక న్యాయమూర్తి పుట్టుకయా?

రెండు: తీర్పు నాకు నచ్చినట్లు వచ్చియుండినచో ఈ అనుమానము నాకు కలిగెడిదా?

మూడు: తీర్పులోని కారణములను నేను చదివితినా, లేక చదివినవారి మాటను వింటినా?

నాలుగు: దీనికి నేను కోరు చికిత్స ఏది? బదిలీయా, అప్పీలా, న్యాయవాది మార్పా? లేక వీధిలో కేకలేనా?

ఈ నాలుగింటికిని నిలుచు అనుమానము పౌరుని హక్కు మాత్రమే గాదు, విధి కూడ. 2003లో ఒకరు అట్టి అనుమానమును పత్రముపై పెట్టి, హేతువులు చూపి, న్యాయస్థానము తలుపు తట్టియుండనిచో ఆ విచారణ చెన్నైలోనే చల్లారిపోయెడిది. ఈ నాలుగింటికిని నిలువని అనుమానము మాత్రము ఎవరికిని మేలు చేయదు. దోషికి అది మరుగగును, నిర్దోషికి మచ్చయగును.

మన కళాశాలనుండి వెడలు విద్యార్థులలో కొందరు న్యాయవాదులు కావచ్చును, కొందరు కచ్చేరీ గుమాస్తాలు, పోలీసు అధికారులు, పత్రికా విలేఖరులు కావచ్చును. ఏదియు కాకపోయినను ఎన్నడో ఒకనాడు సాక్షి బోనులో నిలువవలసిరావచ్చును. పైన చెప్పిన 64 మందిలో ఒకరుగా ఉందుమా, మొదట చెప్పిన మాటపై నిలిచిన 12 మందిలో ఒకరుగా ఉందుమా అన్నది ఆనాడు ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను. న్యాయము న్యాయమూర్తి ఒక్కని చేతిలోనే లేదు. సత్యము చెప్పు సాక్షి, జంకక ప్రశ్నించు వకీలు, చదివి మాటాడు పౌరుడు – ఈ ముగ్గురును తోడుపడిననాడే న్యాయపీఠముపై ప్రజల నమ్మకము నిలుచును.